జమ్లి వేసిన కారం

దమ్మపేట నుంచి ములకలపల్లి వైపు వెళ్లే దారిలో, పామాయిల్ తోటల నడుమ నాలుగు గదుల గెస్ట్‌హౌస్ ఒకటి ఉంది. బోర్డు మీద ఏదో ఇంగ్లీషు పేరు రాసి ఉంటుంది గానీ చుట్టుపక్కల ఎవరూ ఆ పేరుతో పిలవరు. "జమ్లి వండే చోటు" అంటారు. నేను దమ్మపేటలో బ్యాంకు ఉద్యోగం చేసిన మూడేళ్లలో ఆదివారం మధ్యాహ్నాలు చాలావరకు అక్కడే గడిచాయి. ఇక్కడ రాస్తున్నది జమ్లి తన నోటితో నాకు చెప్పిన సంగతి. కొంత ఆమె మేనకోడలు శ్రావణి చెప్పింది. ఇద్దరూ విడివిడిగా చెప్పినా ఎక్కడా తేడా రాలేదు. వాళ్లిద్దరూ తమలో తాము మాట్లాడుకునేది లంబాడీలోనే. ఆ మాటల్ని వాళ్లు నాకు తెలుగులో ఎలా చెప్పారో అలాగే రాస్తున్నాను.

జమ్లికి యాభై దగ్గర పడుతున్నాయి. ములకలపల్లి అవతల అడవిని ఆనుకుని ఉన్న తండా ఆమెది. ఇరవై రెండేళ్ల కిందట మిరప కోతలకు కూలికి వచ్చింది. ఆ చేను పద్మావతమ్మ వాళ్లది. వాళ్ల పెద్దలు కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ భూములు చేసుకున్నారు. పద్మావతమ్మ చేపల పులుసు అంటే ఆ రోజుల్లో సత్తుపల్లి దాకా పేరు. ఒకరోజు చేను గట్టు మీద కూలీలు అన్నాలు తింటుంటే ఆమెకు ఏదో వాసన తగిలింది. పద్మావతమ్మ వెళ్లి జమ్లి డబ్బాలోంచి వేలితో ఇంత తీసి నాలుక మీద పెట్టుకుంది. వాగు చేపల కూర అది. మర్నాటి నుంచి జమ్లిని మిరప చేలోకి పంపలేదు, వంటింట్లోకి తీసుకుంది.

జమ్లికి చదువు రాదు. ఆమెకున్నదల్లా నాలుక. చేప మంచులో ఒక రాత్రి ఉందా రెండు రాత్రులు ఉందా అన్నది ముక్క నోట్లో పెట్టుకుని చెప్పేది. చింతపండు నిరుడుదో ఈ ఏటిదో పులుపులోనే పట్టేసేది. పద్మావతమ్మ దగ్గర కోస్తా వంటలన్నీ రెండేళ్లలో నేర్చుకుంది. ఆ తర్వాత పద్మావతమ్మ మోకాళ్ల నొప్పులంటూ పొయ్యి దగ్గరికి రావడం మానేసింది. ఆమె కొడుకు వెంకటకృష్ణ తోటలో గెస్ట్‌హౌస్ కట్టినప్పుడు వంటింటి తాళాలు జమ్లి చేతికి వచ్చాయి. అక్కడికి వచ్చినవాళ్లెవరూ ఆమె పులుసు తినకుండా లేవలేదు. అది ఆమె లెక్క.

తనకు ఇద్దరూ కొడుకులే. అందుకేనేమో తమ్ముడు భద్రు కూతురు శ్రావణిని కూతురిలా చూసుకుంది. గురుకులం సెలవులు ఇస్తే చాలు ఆ పిల్ల అత్త వంటింటికి వచ్చేది. బియ్యం డబ్బా మీద కూర్చుని, అత్త కళ్లు మూయించి నాలుక మీద పెట్టినవాటి పేర్లు చెప్పేది. జీలకర్ర, సోంపు, వామాకు, పచ్చి మెంతి. నూటికి తొంభై సరిగ్గా చెప్పేది. "దీనికి నా నాలుకే వచ్చింది" అని జమ్లి మురిసిపోయి తండా అంతా చెప్పుకుంది.

శ్రావణి హైదరాబాద్‌లో హోటల్ మేనేజ్‌మెంట్ చదివింది. గోవాలో ఒక రెస్టారెంటులో నాలుగేళ్లు పనిచేసింది. కిందటేడు దసరా తర్వాత తిరిగి వస్తే వెంకటకృష్ణ ఆమెను గెస్ట్‌హౌస్‌కు మేనేజరుగా పెట్టుకున్నాడు. ఆ మాట చెప్పింది జమ్లే, పట్టుబట్టింది జమ్లే. "పిల్ల మన కళ్లముందరే ఉంటది బాబూ" అని రెండుసార్లు అడిగింది.

మొదటి నెల అంతా సంతోషమే. తర్వాత చిన్న చిన్న ముళ్లు గుచ్చుకోవడం మొదలైంది. శ్రావణి తెల్ల కోటు తొడుక్కుని వంటింట్లో తిరిగేది. ఆ రోజు ఏం వండాలో పలక మీద సుద్దతో రాసి గోడకు తగిలించేది. జమ్లికి ఆ రాత చదవరాదు. ఇరవై ఏళ్లుగా ఏం వండాలో తన మనసులో అనుకుని వండిన మనిషి, ఇప్పుడు గోడ మీద ఏం రాసిందో గిన్నెలు తోమే ఉషారాణిని అడిగి తెలుసుకోవాల్సి వచ్చింది. భోజనాలయ్యాక అతిథులు "చెఫ్ ఎవరు?" అని అడిగితే శ్రావణి వెళ్లి నిలబడేది. "మా అత్త దగ్గర నేర్చుకున్న" అనే చెప్పేది ప్రతిసారీ. అయినా చప్పట్లు ఎవరికి కొట్టారో వంటింటి తలుపు సందులోంచి జమ్లికి కనిపించేది.

సంక్రాంతి వెళ్లాక ఖమ్మం నుంచి వీడియోలు తీసేవాళ్లు వచ్చారు. నాలుగు రోజుల తర్వాత జమ్లి పెనిమిటి మంగీలాల్ ఎవరి ఫోన్లోనో ఆ వీడియో చూసి, తన ఫోన్లో పెట్టించుకుని ఇంటికి వచ్చి చూపించాడు. శ్రావణి తెల్ల కోటులో, చేతిలో జమ్లి వండిన పులుసు గిన్నె పట్టుకుని నవ్వుతోంది. వెనకాల పొయ్యి దగ్గర ఒక మోచెయ్యి, రెండు గాజులు.

"గిది నువ్వే గదా. నీ మోచెయ్యి వచ్చింది సూడు" అన్నాడు మంగీలాల్, మంచి మాట చెబుతున్నట్టు.

ఆ రాత్రి జమ్లికి అన్నం సయించలేదు. మర్నాడు మంగీలాల్ పనికి పోయాక పక్కింటివాళ్ల ఫోన్ అడిగి మళ్లీ చూసింది. ఆ వారంలో ఎన్నిసార్లు చూసిందో తనకే తెలియదు. "సూసినకొద్దీ పుండు గోకినట్టుండేది. ఐనా సూసేదాన్ని" అంది నాతో.

ఏప్రిల్‌లో పోర్చుగల్ నుంచి ఒకాయన వచ్చాడు. పేరు రుయి. అరవై ఏళ్లుంటాయి, ఎండకు ముక్కు కందిపోయి ఉండేది. వాళ్ల దేశంలోనూ కాగితం కోసం జామాయిల్ తోటలు వేస్తారట, ఆ చెట్ల గురించి తెలిసినవాడు. ఇక్కడి జామాయిల్ తోటలు చూడడానికి వారం రోజులు వచ్చి వెంకటకృష్ణ గెస్ట్‌హౌస్‌లో దిగాడు. తన ఊరి వైన్ ఆరు సీసాలు వెంట తెచ్చాడు. ఆదివారం మధ్యాహ్నం అందరూ కలిసి భోంచేద్దామని, ఆ వైన్‌కు సరిపడే భోజనం పెట్టమని అడిగాడు.

వెంకటకృష్ణ సీసాలు పట్టుకుని వంటింట్లోకి వచ్చాడు. పద్మావతమ్మ కూడా కర్ర ఊతంతో వచ్చి కుర్చీలో కూర్చుంది. వైన్ అంటే జమ్లికి తెలియనిది కాదు. వచ్చేపోయేవాళ్లు తెచ్చుకున్నది వాసన చూసి, దగ్గుమందు అని ఎప్పుడో తేల్చేసింది. శ్రావణి మాత్రం సీసాను వెలుతురులోకి ఎత్తి పట్టుకుని మొహం విప్పార్చుకుంది.

"దీన్ని వాళ్ల భాషల పచ్చి వైన్ అంటరు సార్" అంది. "రంగు పచ్చగ ఉండదు. లేతది అన్నట్టు. మనం పచ్చికాయ అంటం జూడుండ్రి, గట్ల. కొన్ని వైన్లు దాచినకొద్దీ బాగైతయి. ఇది దాస్తే సప్పబడ్తది, ఏడాది రెండేండ్లల్ల తాగెయ్యాలె. బాగా సల్లగుండాలె. మత్తు తక్కువ, పులుపు ఎక్కువ. నాలుక మీద సన్నగ చిటపటమంటది."

"మరి దీనికి తోడు ఏం పెట్టాలి?" అన్నాడు వెంకటకృష్ణ.

"నీళ్లల్ల పుట్టినయి పెట్టాలె. భద్రాచలం నుంచి గోదావరి రొయ్యలు తెప్పియ్యండి. నిమ్మరసం, ఎల్లిగడ్డ, కొత్తిమీర పట్టిచ్చి పెనం మీద కాలుస్త. చేప ఆవిరి మీద. కీర ముక్కలు, అప్పుడే ఇరగ్గొట్టిన పాల పనీర్. మసాలా వద్దు."

"జమ్లి పులుసు ఎటూ ఉంటుందిగా" అంది పద్మావతమ్మ.

శ్రావణి అత్త వైపు చూసి, మళ్లీ పద్మావతమ్మ వైపు తిరిగింది.

"ఈసారికి పులుసు వద్దమ్మగారూ. మా అత్త పులుసు ముందర ఈ వైన్ నిలవది. కారం తిని ఇది తాగితే మంట ఇంకింత లేస్తది. వైన్ రుచే తెల్వకుంట పోతది."

"సరే, ఈ సంగతులు నీకే తెలుసు. నువ్వు ఎట్లా అంటే అట్లా" అన్నాడు వెంకటకృష్ణ.

ఆ పిల్ల తన పులుసును పొగిడిందని ఆ తర్వాత చాలా రోజులకు గానీ జమ్లికి తట్టలేదు. అప్పుడు ఆమె చెవిన పడింది ఒక్కటే మాట. వద్దు. అదీ పద్మావతమ్మ ముందు.

ఆదివారం పొద్దున్న రొయ్యలు వచ్చాయి. నీలిరంగు కాళ్లతో అరచేతి పొడుగున్నాయి. శ్రావణి వాటిని ఒలిచి, కొత్తిమీర, వెల్లుల్లి, ఉప్పు, నిమ్మరసం కలిపి నూరిన ముద్ద పట్టించింది. "అత్తా, జర సూస్తుండు. నేను వరండాల గ్లాసులు సర్ది వస్త" అని వెళ్లింది. ఉషారాణి పెరట్లో చేప కడుగుతోంది. వంటింట్లో జమ్లి ఒక్కతే ఉంది.

మూల బుట్టలో తేజ రకం పచ్చిమిరపకాయలు ఉన్నాయి. చేలో ఆఖరి కోతవి. సన్నగా, పొట్టిగా ఉంటాయి గానీ రెండు కాయలు నూరితే కుండెడు పులుసుకు సరిపోతాయి. జమ్లి గుప్పెడు తీసుకుంది. రోట్లో వేసి మెత్తగా నూరింది. పచ్చటి ముద్దలో పచ్చటి ముద్ద కలిసిపోయింది. వేళ్లతో ప్రతి రొయ్యకూ పట్టేలా తిప్పింది. పైన మళ్లీ ఇంత నిమ్మరసం పిండింది, వాసన తెలియకుండా.

"అప్పుడు నాకు సోయి లేదు అని చెప్తే అబద్ధమైతది" అంది నాతో. "మంచిగ సోయి ఉంది. ఒక్క పూట గా పిల్ల ఓడిపోవాలె, నన్ను పిలవాలె, గంతే అనుకున్న."

ఆ తర్వాత, ఎవరూ చెప్పకుండానే, పనివాళ్ల కోసమని ఒక కుండలో పులుసు కూడా పెట్టింది.

వరండాలో భోజనాలకు రుయి, వెంకటకృష్ణ, పద్మావతమ్మ, జామాయిల్ కొనే కంపెనీ నుంచి ఇద్దరు ఆఫీసర్లు కూర్చున్నారు. కూలర్లు తిరుగుతున్నాయి. రుయి సీసా మూత తిప్పి అందరి గ్లాసుల్లో తనే పోశాడు. పద్మావతమ్మ మజ్జిగ గ్లాసు ఎత్తి చూపించి నవ్వింది. ఆయన వైన్ ఒక గుక్క తాగి, తన ఊరి గురించి ఏదో చెబుతూ రొయ్య నోట్లో పెట్టుకున్నాడు.

తలుపు సందులోంచి జమ్లి చూస్తూనే ఉంది. ఆయన మాట సగంలో ఆగిపోయింది. మొహం ఎర్రబడింది. కళ్ల నుంచి నీళ్లు కారాయి. మంట తగ్గుతుందని గ్లాసెడు వైన్ ఒక్కసారే తాగాడు. అది ఇంకా రేగింది. దగ్గు తెరలు తెరలుగా వచ్చింది. ఆఫీసర్లిద్దరూ ఖమ్మం మనుషులు, వాళ్లకు చెమటలు పట్టినా ఏమీ కాలేదు. "రొయ్యలు అదిరినయ్" అన్నాడొకాయన. తర్వాత వైన్ తాగి, "ఇదేంది, నిమ్మకాయ నీళ్ల లెక్కుంది" అని పక్కన పెట్టాడు.

శ్రావణి పరుగున వచ్చింది. రొయ్య ముక్క తుంచి నోట్లో వేసుకుంది. నమలడం ఆపి వంటింటి తలుపు వైపు చూసింది. జమ్లి అక్కడే ఉంది. తప్పుకోలేదు.

"నా పొరపాటు సార్. కారం లెక్క తప్పిన" అంది శ్రావణి, ముందు తెలుగులో, తర్వాత రుయికి ఇంగ్లీషులో.

"గోవాలో నాలుగేళ్లు నేర్చుకున్నది ఇదేనా?" అన్నాడు వెంకటకృష్ణ. గట్టిగా అనలేదు. కానీ అందరూ విన్నారు. తర్వాత వంటింటి వైపు తిరిగి, "జమ్లీ, ఏదన్నా ఉంటే పట్రా" అన్నాడు.

జమ్లి పులుసు గిన్నె తెచ్చి బల్ల మీద పెట్టింది. తాను అనుకున్నది అనుకున్నట్టు జరిగింది. ఆఫీసర్లు మారు వడ్డించుకున్నారు. పద్మావతమ్మ మాత్రం వడ్డించుకోలేదు. ఆమె జమ్లి మొహంలోకి చూస్తోంది. రుయి పులుసు ఎర్రదనం చూసి చేత్తో వద్దని సైగ చేశాడు. ఆవిరి చేప ముక్క కొంచెం కెలికాడు గానీ మండిపోయిన నోటికి ఏ రుచీ తెలియలేదు. రెండు ముద్దలు పెరుగన్నం తిని, అందరికీ నమస్కారం పెట్టి, లేచి తన గదికి వెళ్లిపోయాడు.

గెలిచానన్న సంతోషం జమ్లికి అంతవరకే నిలిచింది. ఇరవై రెండేళ్లలో ఆమె వంటింటి ముందు నుంచి మనిషి ఆకలితో లేచి వెళ్లింది అదే మొదటిసారి.

శ్రావణి గ్లాసులన్నీ తెచ్చి గట్టు మీద పెట్టి, వెళ్లి ఆఫీసు గదిలో కూర్చుంది. ఒక గ్లాసులో వైన్ ముట్టకుండా ఉంది. ఇంకా చల్లగానే ఉంది. జమ్లి దాన్ని తీసుకుంది. వాసన చూస్తే దగ్గుమందు లేదు. పచ్చి జామకాయ కొరికినట్టు, నిమ్మ తొక్క గిల్లినట్టు ఉంది. ఒక గుక్క తాగింది. సన్నటి చిటపట, పులుపు, చివర్లో కొంచెం ఉప్పన. ఆమెకు వెంటనే తెలిసిపోయింది. ఇది అడవిలో జీలుగు చెట్టుకు గీసే కల్లు. అదే రుచి కాదు, కానీ ఆ జాతిది. తెల్లవారుజామున చెట్టు నుంచి దించిన మొదటి కుండలోది, ఎండ తగలకముందు తాగేది. అడవి ఊళ్ల నుంచి వాళ్ల నాన్న తెచ్చేవాడు. పొద్దెక్కితే అదీ పాడైపోతుంది, అదీ దాచుకునేది కాదు.

మరి ఆ కల్లుతో ఏం తినేవాళ్లు? కూరా పులుసూ ఎవరూ తినరు. వాగులో పట్టిన చిన్న చేపలు ఉప్పు రాసి ఆకులో చుట్టి నిప్పుల మీద పడేసేవాళ్లు.

జమ్లి ఉషారాణిని పంపి, భద్రాచలం నుంచి రొయ్యలతో పాటు వచ్చిన చిన్న బేడిస చేపలు తెప్పించింది. పనివాళ్ల కూరకని పక్కన పెట్టినవి అవి. కడిగి ఉప్పు, పసుపు, కొత్త చింతచిగురు పట్టించింది. అడ్డాకులో నాలుగేసి పెట్టి మడిచి పుల్ల గుచ్చి బొగ్గుల మీద పేర్చింది. ఒక్క మిరపకాయ కూడా వెయ్యలేదు. ఆకు నల్లబడి పొగ వాసన రాగానే తీసి, పళ్లెంలో పెట్టుకుని, తనే రుయి గది తలుపు తట్టింది.

ఆయనకు తెలుగు రాదు, ఆమెకు ఇంగ్లీషు రాదు. ఆకు విప్పి చూపించింది. ఫ్రిజ్‌లో ఉన్న రెండో సీసా తెచ్చి పక్కన పెట్టింది. ఆయన మొదట భయంగా ఒక చేప తోక తుంచి తిన్నాడు. వైన్ తాగాడు. మళ్లీ తిన్నాడు. తర్వాత ముళ్లు తప్ప ఏమీ మిగల్చలేదు. నాలుగు ఆకులూ విప్పాడు. ఏదో గబగబా చెప్పడం మొదలుపెట్టాడు. జమ్లి అర్థం కాక శ్రావణిని పిలవమని ఉషారాణికి సైగ చేసింది.

శ్రావణి వచ్చి గుమ్మంలో నిలబడింది. ఆమె కళ్లు ఉబ్బి ఉన్నాయి. ఆయన చెబుతుంటే ఒక్కో మాటా అత్తకు లంబాడీలో అప్పజెప్పింది.

"వాళ్ల ఊరు గూడ నది ఒడ్డుకేనంట. ద్రాక్ష తీగెలు మన కాకర పందిరి లెక్క ఎత్తుల పారుతయంట. ఎండకాలం వాళ్ల అమ్మ చిన్న చేపలను ఉప్పేసి బొగ్గుల మీద కాల్చేదంట, ఈ వైన్‌తోనే. ఇంత దూరమొచ్చి మళ్ల అదే తిన్న అంటున్నడు. వండినామె చేతులకు దండం అంటున్నడు."

పొగడ్త అంతా శ్రావణి నోటి నుంచే వినాల్సి వచ్చింది. ఆ పిల్ల ఒక్క మాట తగ్గించలేదు, ఒక్క మాట ఎగ్గొట్టలేదు. జమ్లి తల దించుకుని ఆకులు ఏరుకుని బయటికి వచ్చింది. వరండా చివర శ్రావణి వెనకే వచ్చి కలిసింది.

"రొయ్యల్ల కారం నేనే ఏసిన" అంది జమ్లి.

"తెల్సు."

"మస్తు తప్పు జేసిన బిడ్డా."

"నాకెందుకు చెప్తున్నవ్ అత్తా? నాకు తెల్సిందే గదా. తెల్వనోళ్లకు చెప్పు" అని శ్రావణి వెళ్లిపోయింది.

ఆ మాట చెప్పడానికి జమ్లికి మూడు రోజులు పట్టింది. సోమవారం చెబుదామనుకుంది, వెంకటకృష్ణ సత్తుపల్లి వెళ్లాడు. మంగళవారం ఇంట్లోనే ఉన్నాడు గానీ నోరు రాలేదు. బుధవారం పొద్దున్న పద్మావతమ్మ కాళ్లకు నూనె రాస్తూ చెప్పింది. మొదలుపెట్టాక ఆపలేదు. గోడ మీది పలక, తెల్ల కోటు, ఫోన్లో మోచెయ్యి, అన్నీ చెప్పింది.



"నువ్వు వచ్చిన రెండో ఏడు మా అన్నయ్య వాళ్లు వచ్చారు, గుర్తుందా?" అంది పద్మావతమ్మ. "నీ పులుసు తిని, పద్మా, నీ చెయ్యి ఇంకా బాగుపడిందే అన్నాడు. నాది కాదు, జమ్లిది అని చెప్పాల్సొచ్చింది. ఆ తర్వాత నాకు మోకాళ్ల నొప్పులొచ్చాయి కదా. నొప్పులూ లేవు, ఏమీ లేవు అప్పట్లో. నీ పక్కన నిలబడి వండటం నావల్ల కాలేదు. ఒకరోజు నువ్వు బావి దగ్గరికి వెళ్తే, ఉప్పు డబ్బా చేతిలో పట్టుకుని నీ కుండ మీద చాలాసేపు నిలబడ్డాను."

"ఏసిండ్రా అమ్మా?"

"లేదే. మూత పెట్టేసి వచ్చాను."

ఆమె ఆ మాట ఓదార్పుగా చెప్పలేదు. తేడా ఎక్కడుందో జమ్లికి అర్థమయ్యేలా చెప్పింది. అర్థమైంది కూడా.

మధ్యాహ్నం వెంకటకృష్ణకు చెప్పింది. పని మానెయ్యమంటాడని మూట కట్టుకునే వెళ్లింది. అతను నెత్తి గోక్కుని, "ఆ పిల్లను నలుగురిలో అన్నాను కదా" అన్నాడు. ఆ సాయంత్రం ఆఫీసు గదిలోకి వెళ్లి శ్రావణికి ఏదో చెప్పాడు. బయటికి వచ్చి జమ్లితో, "ఇంకోసారి ఇట్లా చేస్తే నేను ఊరుకోను" అన్నాడు. అంతకుమించి ఆ సంగతి ఎత్తలేదు. రుయికి కూడా చెబుదామని జమ్లి అంటే శ్రావణే ఆపింది. "గది మన ఇంటి మాట. ఆయనకెందుకు" అంది.

రుయి వెళ్లే ముందు ఇంకా నాలుగు సీసాలు మిగిలి ఉన్నాయి. ఆయనే ఆ ఇద్దరినీ కూర్చోబెట్టి, దేంతో బాగుంటుందో చూద్దామన్నాడు. వాళ్లు మామూలుగా మాట్లాడుకోవడం అక్కడే మళ్లీ మొదలైంది. మాట్లాడుకున్నారని కూడా అనలేం, పోటీ పడ్డారు. శ్రావణి దోసకాయ, పెరుగు, పుదీనా కలిపి తెచ్చింది. బాగుంది. జమ్లి చేప గుడ్లు ఉప్పు, మిరియంతో వేయించి తెచ్చింది. అది ఇంకా బాగుంది. శ్రావణి దమ్మపేట జీడిపప్పు నెయ్యి లేకుండా దోరగా కాల్చింది. జమ్లి లేత మొక్కజొన్న పొత్తు నిప్పుల మీద కాల్చి నిమ్మచెక్క రుద్దింది. నాటుకోడి కూర పెడితే వైన్ నీళ్లయిపోయింది. మామిడికాయ పచ్చడి నాకి తాగితే ముగ్గురూ మొహాలు చిట్లించారు. జమ్లి పట్టు విడవక తన పులుసు కూడా తెచ్చింది, కారం సగం తగ్గించి. రుయి ఒక ముద్ద తిని వైన్ తాగి తల అడ్డంగా ఊపాడు. శ్రావణి నవ్వలేదు. నవ్వకుండా ఉండడానికి ఆ పిల్ల ఎంత కష్టపడిందో జమ్లి చూసింది.

వానాకాలం మొదలయ్యాక శ్రావణికి విశాఖపట్నంలో సముద్రం పక్కన ఒక హోటల్లో మంచి ఉద్యోగం వచ్చింది. కారం సంగతి వల్ల వెళ్లిందా అని నేను ఆమెనే అడిగాను. "అదొక్కటే కాదు సార్. ఒక వంటింట్ల ఇద్దరం పట్టం" అంది. వెళ్లేరోజు అత్త కాళ్లకు దండం పెట్టింది. జమ్లి ఆమెకు మిరపకాయల సంచి కాకుండా వడియాలు కట్టి ఇచ్చింది. ఏది కట్టాలా అని పొద్దుటి నుంచి ఆలోచించిందట.

పలక ఇప్పుడు గోడ మీద లేదు. అతిథులు "చెఫ్ ఎవరు?" అంటే జమ్లి కొంగుకు చేతులు తుడుచుకుంటూ తనే వస్తుంది. చప్పట్లు కొడతారు. మొదట్లో బాగుండేదట. తర్వాత, ఇవి విశాఖపట్నంలో శ్రావణికి కొట్టేవాటికన్నా తక్కువేమో అనిపించేదట. అసూయ పోయిందా అని నేను అడిగితే ఆమె దాచలేదు.

"యాడికి పోతది సారూ? మొన్న దాని ఫోటో పేపర్ల వచ్చిందని మా తమ్ముడు పట్కొచ్చిండు. సూడంగనే కడుపుల సుర్రుమంది. మల్ల సంతోషం గూడ అయింది. రెండూ ఒక్కసారే అయితయి. ఏది ముందు వస్తదో నాకే తెల్వది."

ఆ ఫోటో వచ్చిన వారానికే శ్రావణి ఫోన్ చేసింది. అడ్డాకు చేప తమ హోటల్లో అదే వైన్‌తో పెట్టాలనుకుంటున్నామని, మూడుసార్లు చేసినా వగరు వస్తోందని, ఎక్కడ తప్పు జరుగుతోందో చెప్పమని అడిగింది. జమ్లి చేప గురించి చెప్పింది, ఆకు గురించి చెప్పింది, బొగ్గులు ఎంత మందాన ఉండాలో చెప్పింది. చింతచిగురును ముందు ఉప్పుతో నలిపి, ఆ పసరు పిండి పారబోయాలన్నది మాత్రం చెప్పలేదు. "గంతే అత్తా?" అని శ్రావణి అడిగింది. "అవ్, గంతే" అని ఫోన్ పెట్టేసింది.

రాత్రంతా నిద్ర పట్టలేదని చెప్పడం నాకు ఇష్టం లేదు, ఎందుకంటే జమ్లి హాయిగా పడుకున్నానని చెప్పింది. పొద్దున్నే లేచి పళ్లు తోముకుంటుంటే గుర్తొచ్చిందట. మంగీలాల్‌ను ఫోన్ కలపమంది. అవతల శ్రావణి నిద్రమత్తులో "ఏంది అత్తా ఇంత జల్దీ?" అంది. జమ్లి చిగురు నలపడం గురించి చెప్పింది. ఎంత ఉప్పు, ఎంతసేపు, పసరు ఏ రంగులోకి వస్తే ఆపాలి, అన్నీ చెప్పింది.

"నిన్ననే ఎందుకు చెప్పలే?" అంది శ్రావణి.

"చెప్పబుద్ధి కాలే" అంది జమ్లి.

అవతల కాగితం కోసం వెతుకుతున్న చప్పుడు వినపడింది. తర్వాత, "ఉప్పు ఎంతన్నవ్? మళ్ల చెప్పు, రాసుకుంట" అంది శ్రావణి. జమ్లి మళ్లీ మొదటి నుంచి చెప్పింది.